నర్సరీకి పోయే ముందు ముసలి చెట్లను చూసి రండి

సంపు మూత తీసి టార్చి వేస్తే ముందు నాకు జుట్టు కనిపించింది. సన్నగా, గోధుమ రంగులో, గోడ పొడవునా నీళ్ళలోకి వేలాడుతున్న జుట్టు. ప్లంబర్ వంగి గుప్పిట పట్టి గుంజాడు. తడి తాడులా బారెడు వచ్చింది. "ఇది ఫైకస్ ఏరు అక్కా. గేటు కాడున్న చెట్టుదే" అన్నాడు. గేటుకూ సంపుకూ మధ్య 9 అడుగులు. ఆ 9 అడుగులూ మట్టి కింద నడిచొచ్చి, సిమెంటులో ఎక్కడో వెంట్రుకంత సందు వెతుక్కుని, అది మా మంచినీళ్ళ దాకా చేరింది.

2015లో హన్మకొండలో ఇల్లు కట్టుకుని, గృహప్రవేశం అయిన వారానికే గేటుకు అటొకటి ఇటొకటి పెట్టిన మొక్కలవి. మూడడుగులు కూడా లేవు అప్పుడు. నిగనిగలాడే చిన్న చిన్న ఆకులు. "పెద్దగ పెరగది మేడం, కటింగ్ చేపిస్తుంటే గుండ్రంగ గొడుగు లెక్క ఉంటది" అని అమ్మినతను చెప్పాడు. నేను డిగ్రీలో బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ కలిసిన బీజెడ్‌సీ చదివినదాన్ని. ఫైకస్ అంటే మర్రి, రావి, మేడి జాతి అని పరీక్షలో రాసినదాన్ని. అయినా ఆ మూడడుగుల మొక్కలో నాకు మర్రి కనిపించలేదు.

సంపు బాగుచేయించడానికి 38 వేలు అయింది. అంతకన్నా ఎక్కువ బాధపెట్టింది చెట్టు కొట్టించడం. ఎనిమిదేళ్ళలో అది మా మేడ అంచు దాటింది. దాని కాయల కోసం పొద్దున్నే గోరింకలు వచ్చేవి. చెట్టు దాని స్వభావం ప్రకారం పెరిగింది. దాన్ని తెలియక తెచ్చి, ఉండకూడని చోట పెట్టి, పెరిగినందుకు నరికించాం. ఆ మూడు రోజులూ నేను ముందు గదిలోకి పోలేదు.

ఇప్పుడు మా వదినవాళ్ళు భీమారం వైపు ఇల్లు కట్టుకున్నారు. కాంపౌండ్ గోడ పూర్తయింది, ఇంకా రంగులు పడలేదు. "నీకు తెలుసు కదా, ఆదివారం నర్సరీకి పోయి మొక్కలు తెచ్చుకుందాం" అని ఫోన్ చేసింది. నర్సరీకి తర్వాత పోదాం వదినా, ముందు కొండాపూర్ బొటానికల్ గార్డెన్‌కి పోదాం అన్నాను. అటువైపు కాసేపు మాట లేదు. "మొక్కలు చూసుడానికి హైదరాబాద్ పోవాల్నా?" అంది. ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను. అప్పటినుంచి మనసులో ఆమెకు జవాబు చెప్పుకుంటూనే ఉన్నాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

నర్సరీలో దొరికేది పసితనం

నర్సరీలో మనం చూసేది మొక్క పసితనం మాత్రమే. జూన్‌లో మొదటి వాన పడగానే కడియం నుంచి లారీలు వస్తాయి. నల్ల కవర్లలో వరసగా పేర్చిన మొక్కలు అన్నీ ఇంచుమించు ఒకే ఎత్తు. పొగడ, ఏడాకుల పాల, పారిజాతం, నేరేడు, అన్నీ మన మోకాలి దాకానో నడుము దాకానో ఉంటాయి. పక్కపక్కన పెడితే ఏది 12 అడుగుల దగ్గర ఆగుతుందో, ఏది మూడంతస్తుల మేడను దాటుతుందో ఎవరు చెప్పగలరు? అమ్మేవాళ్ళను తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. వాళ్ళ దగ్గర మొక్క ఆరు నెలలో, ఏడాదో ఉండి వెళ్ళిపోతుంది. నాకు ఫైకస్ అమ్మినతను అబద్ధం చెప్పాడని ఈ రోజుకీ అనుకోను. అతను కూడా దాన్ని మూడడుగుల దాకే చూసి ఉంటాడు.

మనం మాత్రం ఆ మొక్కతో ఇరవై, ముప్పై ఏళ్ళు బతకాలి. పెళ్ళి సంబంధానికి అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు అడిగే మనం, ఇంటి గోడ పక్కన నాటే చెట్టు గురించి ఒక్క ప్రశ్న అడుగుతాం: ధర ఎంత?

ఒక మే నెలలో చుట్టాల పెళ్ళికి కొండాపూర్ పోయాం. ముహూర్తం పదకొండు దాటాక. పొద్దున్నే ఆరింటికి నేను, మా అమ్మాయి కోట్ల విజయభాస్కర్ రెడ్డి బొటానికల్ గార్డెన్‌కి నడిచివెళ్ళాం. 274 ఎకరాలు. చుట్టూ అద్దాల ఆఫీసులు, మధ్యలో కొత్తగూడ అడవి మిగిలిన ముక్క. లోపలికి పోయిన పది నిమిషాలకు రోడ్డు చప్పుడు తగ్గిపోయింది. ఔషధ మొక్కలు ఒకచోట, వెదురు ఒకచోట, తాటి జాతి చెట్లు ఒకచోట ఉన్నాయి. నిజం చెప్పాలంటే నేను పోయింది అందమైన ఐడియాల కోసం. బండల మధ్య మొక్కలు ఎట్లా అమర్చారో, దారి అంచులకు ఏం వేశారో ఫోటోలు తీసుకుందామని పోయాను. పది పదిహేను తీశాను కూడా. వాటిలో ఒక్కటి కూడా నాకు తర్వాత పనికి రాలేదు.

పనికొచ్చింది ఇంకొకటి. మా అమ్మాయి ఒక చెట్టు దగ్గర ఆగి, "అమ్మా, ఈ తీగ ఏంటి, ఆకు నా మొహం కంటే పెద్దగుంది" అంది. మానును పట్టుకుని పైకి పాకిన తీగ. ఆకులు చేటంత ఉన్నాయి. కొన్ని అంచుల నుంచి చీలి ఉన్నాయి. పసుపు చారలు చూసి గుర్తుపట్టాను, అది మనీప్లాంట్. మా వంటింటి కిటికీలో హార్లిక్స్ సీసాలో పదేళ్ళుగా ఉన్న అదే తీగ. సీసాలో, కుండీలో దాని ఆకు అరచేయి దాటదు. చెట్టు దొరికి, పైకి ఎక్కి, వెలుతురు అందితే దాని ఆకు ఇంతవుతుంది. అంటే మన ఇళ్ళలో పదేళ్ళు, పదిహేనేళ్ళు ఉన్న మనీప్లాంట్లన్నీ పెద్దవి కాని పిల్లలే. దాన్ని చూసి నేను చాలాసేపు అక్కడే నిలబడ్డాను. పదేళ్ళు ఇంట్లో పెట్టుకున్న మొక్క నాకు తెలియనే తెలియదు.

ఆ తర్వాత ఫోటోలు ఆపేసి వేరే రకంగా చూడడం మొదలుపెట్టాను. ఈ మాను ఎంత లావు? కింద వేళ్ళు పైకి తేలాయా, లోపలికి పోయాయా? నీడ ఎక్కడిదాకా పడుతోంది? కింద రాలిన పండ్లు కాలికి అంటుకుంటున్నాయా? కొమ్మలు ఎక్కడ విరిగాయి? ఇవన్నీ ఏ నర్సరీలోనూ, ఏ యూట్యూబ్ వీడియోలోనూ కనిపించవు. పెద్ద చెట్టు కింద నిలబడితే ఐదు నిమిషాల్లో తెలిసిపోతాయి.

పోతే మే నెలలోనే పోవాలి

ఎవరైనా తోట చూడడానికి డిసెంబర్‌లో పోదామంటారు. చల్లగా ఉంటుంది, పూలుంటాయి, పిల్లలు ఆడుకుంటారు. ఇంటి తోట కోసం చూసేవాళ్ళు మాత్రం మే నెలలో పోవాలని నా అభిప్రాయం. డిసెంబర్‌లో అన్ని మొక్కలూ బాగానే ఉంటాయి. నేను ఒక డిసెంబర్‌లో నీలం పూల హైడ్రేంజియా కుండీ కొన్నాను. బంతి అంత గుత్తులు. శివరాత్రికి ఆకు అంచులు మాడాయి, ఉగాదికి కట్టె మిగిలింది. రోజుకు రెండుసార్లు నీళ్ళు పోశాను, తడి గోనెపట్టా కప్పాను. చల్లటి కొండ ఊళ్ళ మొక్కను తెచ్చి వరంగల్ ఎండలో నిలబెట్టాను. దాని తప్పు లేదు.

హైదరాబాద్ తోట మనకు పనికొచ్చేది ఇందుకే. అది మన నేల లాంటి నేల. అక్కడా ఎర్ర మొరం, నల్లటి గుండ్లు, వాన నాలుగు నెలలు, ఎండ నాలుగు నెలలు. పద్మాక్షి గుట్ట చుట్టూ చూసే బండలే అక్కడా కనిపిస్తాయి. అక్కడ మే నెలలో పచ్చగా నిలబడ్డ మొక్క హన్మకొండలో కూడా నిలబడుతుందని నమ్మొచ్చు. బెంగళూరు లాల్‌బాగ్ కూడా చూశాను నేను. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన తోట, 1889లో కట్టిన గాజు ఇల్లు, ఆ ముసలి తెల్ల బూరుగు చెట్టు, చూసి కళ్ళు చెమర్చాయి. కానీ అక్కడ చూసి ఆశపడి తెచ్చుకున్నవి ఇక్కడ బతకలేదు. ఆ ఊరి ఎండ వేరు.

ఇక్కడొక సందేహం వస్తుంది. బొటానికల్ గార్డెన్‌లో బోర్లు ఉంటాయి, పైపులు ఉంటాయి, పనివాళ్ళు ఉంటారు. అక్కడ పచ్చగా ఉందంటే దానికి నీళ్ళు పోస్తున్నారు కాబట్టి కావొచ్చు కదా? నాకూ అనుమానం వచ్చింది. దారి పక్కన పాదులు తీస్తున్న ఒక పెద్దామెను అడిగాను. పాలమూరు వైపు ఆమె. చీపురు కట్ట పక్కన పెట్టి, చేత్తో చూపించింది. "నీళ్ళు గీ పైపు ఉన్నకాడికే వస్తయి బిడ్డా. గా అవతలియి వాటి బతుకు అవే బతుకుతయి."

ఆమె చూపించిన గీత అవతలికి పోయి చూశాను. రేల చెట్టు ఆకులు పలచబడి, ఒళ్ళంతా పసుపు గొలుసులు వేలాడేసుకుని ఉంది. కానుగ కొత్త ఆకు వేసి నీడ పరిచింది. దిరిసెన పూసి ఉంది, ఎండుకాయలు గాలికి గలగలమంటున్నాయి. వేప సరే. పొదల్లో గన్నేరు, కాగితం పూలు, తంగేడు. నేను వేలు పోసి కొనాలనుకున్న మొక్కలు ఒక్కటీ ఆ గీత అవతల లేవు. ఇంటికొచ్చాక నా మేడ మీది కుండీలను కూడా అట్లాగే రెండుగా విడదీశాను. పైపు ఇవతలివి, పైపు అవతలివి. ఇవతలి వరస రెండేళ్ళలో సగానికి తగ్గింది. ఊరికి పోయినప్పుడల్లా పక్కింటివాళ్ళకు తాళం ఇచ్చి నీళ్ళు పోయమని అడిగే టెన్షన్ ఇప్పుడు లేదు.

ఆ పెద్దామె ఇంకో మాట కూడా చెప్పింది. చెట్ల కింద రాలిన ఆకును ఊడ్చి పారేయొద్దని వాళ్ళకు చెప్పారట. ఎండుటాకు మందంగా పరిచి ఉన్న చోట చెయ్యి పెట్టి చూడమంది. మే నెల పొద్దు ఎనిమిదింటికి మట్టి చల్లగా ఉంది. మనమేమో పొద్దున లేస్తే ఆకులు ఊడ్చి గేటు బయట కుప్పేసి నిప్పు పెడతాం, మళ్ళీ సంచికి ఇంత అని పెట్టి ఎరువు కొంటాం.

ఇంటికొచ్చి ఆకు పరిచాను. అత్తమ్మ ఒప్పుకోలేదు. "వాకిట్ల చెత్త పెట్టుకుంటే ఇంట్ల లక్ష్మి ఉంటదా? పురుగు పుట్ర వస్తయి" అంది. పురుగు పుట్ర మాట కొట్టిపారేయలేను. మా వీధి చివరింట్లో ఆకు కుప్ప కింద తేలు కనిపించింది, చిన్న పిల్లలున్న ఇల్లు. అందుకని మాకు మేము ఒక పద్ధతి పెట్టుకున్నాం. ముందు వాకిలి అత్తమ్మది, అద్దంలా ఊడుస్తుంది, ముగ్గేస్తుంది. వెనక పెరడు నాది, గోడకు రెండడుగులు వదిలి ఆకు పరుస్తాను. ఇది సరైన పరిష్కారమేనా అంటే నాకు పూర్తి ధీమా లేదు. వానాకాలం చెప్పులు లేకుండా పెరట్లోకి ఎవరినీ పోనివ్వను.

అత్తమ్మకు ఏ తోటా చూడాల్సిన పని లేదు

నా వాదనకు అన్నింటికన్నా గట్టి ఎదురు మాట అత్తమ్మే. ఆమె ఏ బొటానికల్ గార్డెన్‌కీ పోలేదు. కొమ్మ విరిచి గుచ్చితే బతుకుతుంది. కల్యమాకు ఎక్కడ పెట్టాలో, మునగ ఇంటికి ఎంత దూరముండాలో, ఆనిగెపు తీగ ఏ గోడకు పాకించాలో ఆమె ఎవరినీ అడగదు. నాటిన నాడు ఆ ఫైకస్ మొక్కలను చూసి, "ఇది మర్రి జాతి గద, ఇంటి ముంగటెందుకు?" అన్నది కూడా ఆమే. నేను వినలేదు. అందరి ఇళ్ళ ముందూ ఉన్నాయి కదా అన్నాను.

మరి బొటానికల్ గార్డెన్ ఎందుకు, ఇంట్లో పెద్దవాళ్ళను అడిగితే చాలదా? ఈ ప్రశ్న దగ్గర నేను చాలా రోజులు ఆగిపోయాను. నాకు తోచింది ఇది. అత్తమ్మ ములుగు దగ్గర పల్లెలో పుట్టింది. ఊరి చుట్టూ ఇప్ప, తునికి, మోదుగు, మద్ది ఉండేవి. మోదుగాకు తెచ్చి ఇస్తార్లు కుట్టేది, హోలీకి ఆ పూలు ఉడకబెట్టి రంగు తీసేవాళ్ళు. బాయి గడ్డ మీద తాత నాటిన మామిడి, తండ్రి నాటిన చింత. ప్రతి చెట్టునూ మొలక నుంచి మోడు దాకా ఏదో ఒక వయసులో చూసింది. ఆమెకు ఊరే బొటానికల్ గార్డెన్. బోర్డులు లేవు, పేర్లు చెప్పే మనుషులు ఉండేవాళ్ళు.

మా కాలనీలో అన్ని చెట్ల వయసూ ఒకటే. ఇళ్ళకు ఎంత వయసో చెట్లకూ అంతే. అంతకుముందు ఇది చెల్క. జేసీబీ వచ్చింది, ప్లాట్లు చేశారు, మొరం పోశారు. ఆ తర్వాత అందరం ఒకే రెండేళ్ళలో, ఒకే నర్సరీల నుంచి, ఒకే రకం మొక్కలు తెచ్చుకున్నాం. మా అమ్మాయి పుట్టినప్పటి నుంచి చూసిన చెట్లలో ముసలి చెట్టు లేదు. యాభై ఏళ్ళ పొగడ ఎట్లుంటుందో తెలియని పిల్ల రేపు ఇల్లు కట్టుకుంటే ఏం నాటుతుంది? అత్తమ్మ చెప్పింది నేను విననందుకు కారణం కూడా అదే అనుకుంటాను. ఆమె మాటకు వెనక ఒక పెద్ద మర్రి ఉంది, నా కళ్ళ ముందు మూడడుగుల మొక్క ఉంది. చూడనిదాన్ని నమ్మడం కష్టం.

నిజమే, కొండాపూర్ దాదాపు 150 కిలోమీటర్లు. అందరూ పోలేరు. పోయినా ఏడాదికోసారి. అంత పెద్ద తోటే కావాలని కూడా లేదు. జడ్చర్ల ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఆవరణలో అధ్యాపకులు, విద్యార్థులు కలిసి తెలంగాణ బొటానికల్ గార్డెన్ పెంచుకున్నారు. ఒక కాలేజీ ఆ పని చేసింది కాబట్టి ప్రతి జిల్లాలో ఒక కాలేజీ చేయగలదని నా ఆశ. ఈలోపు మనకు దగ్గరలో పాత ఆవరణలున్నాయి. 1959లో మొదలైన ఆర్ఈసీ ఇంజనీరింగ్ కాలేజీ, ఇప్పటి నిట్, కాకతీయ యూనివర్సిటీ, హంటర్ రోడ్డు జూ పార్కు, కాజీపేట రైల్వే క్వార్టర్ల వైపు వీధులు. వేరే పని మీద పోయినప్పుడైనా తలెత్తి చూడొచ్చు.

రోడ్డు పక్క చెట్టుతో మాత్రం ఒక చిక్కుంది. దానికి దాని ఆకారం ఉండదు. కరెంటు తీగల కోసం ఒకవైపు కొట్టేస్తారు, బస్సుల కోసం ఇంకోవైపు, షాపు బోర్డు కనిపించాలని ముందువైపు. మిగిలినదాన్ని చూసి ఇది పొగడ, ఇది కానుగ అని నేర్చుకుంటే తప్పు నేర్చుకున్నట్టే. ఎవరూ కొమ్మ కొట్టని చెట్టును చూడాలంటే తోటలోకే పోవాలి.

పేరు తెలిసిన మొక్క

బీజెడ్‌సీ రెండో ఏడాదిలో హెర్బేరియం కోసం, అంటే ఎండబెట్టి దాచే మొక్కల నమూనాల కోసం, మా బోటనీ సారు మమ్మల్ని పాకాల అడవికి తీసుకుపోయారు. ఒక ఎర్ర బెరడు చెట్టు చూపించి లాటిన్ పేరు చెప్పారు, సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా. మేం రాసుకున్నాం. "ఆ మొదటి ముక్కను తెలుగులో చదవండి" అన్నారు. సోమిద. మన సోమిద చెట్టు. విలియం రాక్స్‌బర్గ్ అనే బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్త 1780లలో సామర్లకోటలో ఉంటూ, ఊళ్ళవాళ్ళు చెప్పిన తెలుగు పేర్లు చెట్టు చెట్టుకూ రాసి పెట్టాడు. 1793లో కలకత్తా బొటానికల్ గార్డెన్ కు పోయేటప్పుడు ఆ పేర్లన్నీ వెంట తీసుకుపోయాడు. ఆ వరసలోనే మన మాట ఒకటి ప్రపంచమంతా వాడే శాస్త్రనామంలో నిలిచిపోయింది. ఆ రోజు అడవిలో నాకు ఒళ్ళు జలదరించింది.

అందుకే బొటానికల్ గార్డెన్‌లో ప్రతి చెట్టు బోర్డు మీద లాటిన్ పేరు కంటే ముందు తెలుగు పేరు కోసం వెతుకుతాను. మా ఇంట్లో కూడా ఇప్పుడు ప్రతి కుండీకి రేకు ముక్క మీద పేరు రాసి గుచ్చాను. గంగవాయిలు, పొన్నగంటి, పుంటికూర, నందివర్ధనం. పాలు తెచ్చే అబ్బాయి ఒకరోజు ఆగి చదివి, "మా అవ్వ గంగవాయిలు పప్పు చేసేది మేడం, ఇప్పుడు ఊర్ల కూడ ఎవ్వలు చేస్తలేరు" అని ఇంత తెంపుకుని పోయాడు. పేరు రాసి ఉండకపోతే ఆ కుండీలో ఉన్నది గడ్డి అనుకునేవాడు.

తంగేడు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రాష్ట్ర పుష్పం అని చదువుకుంటాం. బతుకమ్మకు నడిమిట్ల తంగేడు, చుట్టూ గునుగు లేకపోతే పేర్చినట్టే ఉండదు. నా చిన్నప్పుడు అన్నయ్యలు సైకిళ్ళ మీద పోయి చెల్కల గట్ల మీద నుంచి మోపులు మోపులు తెచ్చేవాళ్ళు. ఇప్పుడు సద్దుల బతుకమ్మ నాడు హన్మకొండ చౌరస్తాలో చిన్న కట్టకు బేరమాడుతున్నాం. ఊరి చుట్టూ ఆ గట్లు ప్లాట్లయ్యాయి. తోటలో పైపు అవతల తంగేడు పొదను చూసినప్పుడు, దీన్ని ఇంట్లో ఎందుకు పెంచుకోకూడదు అని నాకు మొదటిసారి తోచింది. నర్సరీలో అడిగితే, "తంగేడు ఎవరైనా కొంటరా మేడం" అన్నారు. ఎండిన కాయలు తెచ్చి, గింజలను వేడినీళ్ళలో రాత్రంతా నానేసి విత్తాను. పన్నెండు వేస్తే నాలుగు మొలిచాయి. కుండీ నుంచి తీసి నాటబోతే తల్లివేరు తెగి రెండు పోయాయి. మిగిలిన రెండు ఇప్పుడు ఫైకస్ ఉన్న చోటే ఉన్నాయి. పోయిన బతుకమ్మకు పిడికెడు పూలు కోశాను. పిడికెడే, కానీ బతుకమ్మ శిఖరాన అవే పెట్టాం.

తాడ్వాయి గాలి తర్వాత

2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో ఒక్క గాలికి వేల చెట్లు కూలిపోయాయి. ఆ ఫోటోలు అందరం చూశాం. ఆ తర్వాతి వారమే మా పక్కింటాయన తన వేపచెట్టు కొట్టించడానికి మనుషులను పిలిపించాడు. నేను పోయి మాట్లాడాను. అక్కడి గాలి వేరు, అందరి చెట్లూ అట్లా పడవు, ఎండకు నీడ పోతుంది అన్నాను. ఆయన నన్ను గోడ దగ్గరికి తీసుకుపోయి చూపించాడు. చెట్టు గోడకు మూడడుగుల దూరంలో ఉంది, ఇంటివైపు ఒరిగి ఉంది, గోడలో పగులు మొదలైంది. "ఇది మా బెడ్‌రూమ్ మీద పడితే ఎవరిది జవాబు అమ్మా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. కొట్టించాడు. ఇప్పుడు మధ్యాహ్నం ఎండ నేరుగా మా పడమటి గోడ మీద పడుతుంది.

ఆయనకు చెట్లంటే భయమని నేను అనను. వేపను పన్నెండేళ్ళ కింద ఆయనే నాటాడు. అప్పుడు పన్నెండు అడుగులు ఇవతల నాటి ఉంటే ఆ చెట్టు ఇప్పటికీ ఉండేది. చెట్ల మీద ప్రేమ లేక నరుకుతున్నామని అందరూ అంటారు. నేను చూసినంతలో మా వీధిలో నరికిన చెట్లన్నీ ప్రేమతో నాటినవే, చోటు తెలియక నాటినవే. ప్రభుత్వం మొక్కలు నాటించిన హరితహారంలో ఊరూరా పెట్టిన కోనోకార్పస్ కథా అంతే. చకచకా పెరిగి పచ్చటి గోడలా కనిపించింది, ఆ తర్వాత దాన్ని నాటొద్దన్నారు, చాలా చోట్ల తీసేశారు.

ఇన్ని లెక్కలు వేసుకుంటే ఇంక మొక్క పెట్టే సంతోషం ఏముంటుంది అని మా వారు అడుగుతారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. బంతి నారు, చామంతి పిలకలు, టమాట విత్తనాలకు ఏ లెక్కా అక్కర్లేదు. పోతే ఒక సీజన్ పోతుంది. నాలుగడుగుల బాల్కనీ ఉన్నవాళ్ళకు కూడా నా ఈ గోల అంతగా అంటదు. వాళ్ళు తోటకు పోతే పెద్ద చెట్ల కింద నీడలో ఏం పెరుగుతుందో చూసుకుంటే మేలు. పైన ఇంకో బాల్కనీ కప్పులా ఉన్న చోట దాదాపు అదే వెలుతురు ఉంటుంది. కానీ నేలలో, ఇంటి పక్కన, మాను కట్టే మొక్క పెట్టేవాళ్ళు మాత్రం ఒక్క పూట ఖర్చుపెట్టాలి. ఒక ప్రాణాన్ని తెచ్చి నాటుతున్నాం. అది పెద్దయినందుకు దాన్ని చంపే పరిస్థితి రాకుండా చూసుకోవడం మన బాధ్యత అని నేను నమ్ముతాను.

చివరికి వదిన వచ్చింది. మొన్న ఆదివారం తెల్లవారుజామున బయల్దేరి, ఎండ ముదరకముందే కొండాపూర్ చేరాం. ఆమెకు పొగడ మీద మనసు. చిన్నప్పుడు గుడి దగ్గర రాలిన పూలు ఏరి దండ గుచ్చిన గుర్తు. తూర్పు వైపు గోడకూ ఇంటికీ మధ్య పెడతానంది. ఒక పెద్ద పొగడ కింద నిలబడ్డాం. నిండుగా, దట్టంగా, ఎండ చుక్క కూడా కిందికి రాకుండా ఉంది. వదిన పైకి చూస్తూ చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత చెప్పులు విడిచి, మాను మొదట్లో మడమ ఆనించి, పాదానికి పాదం కలుపుకుంటూ, నీడ అంచు దాకా కొలుస్తూ నడిచింది. 19 వచ్చింది.

"మాకు పదకొండే ఉన్నది" అంది. వంగి రెండు పూలు ఏరి కొంగుకు ముడేసుకుని, పక్కనున్న రేల చెట్టు దగ్గరికి పోయి, దాని మొదట్లో మళ్ళీ మడమ ఆనించింది.